ఓడ నిట్రాడు

అమరకోశమున తెరచాప కొయ్యకు కూపకమనియు, గుణవృక్షకమనియు పేళ్లు గలవు. గుణమనగా త్రాడు, త్రాళ్లు కట్టిన చెట్టు గనుక రెండవ పేరు సులభముగనే బోధపడును. కూపకమనగా గుంట. కొయ్య దిగి నిలుచు గుంట పేరే కొయ్యకు వచ్చినదేమో! హైదరాబాదు హుస్సేన్‌సాగరుపై పిల్లలు తెరచాప విద్య నేర్చు ఆప్టిమిస్టు పడవలను చూచినచో ఈ ఊహకు బలము చేకూరును. వానిలో కొయ్యను బిగించు త్రాళ్లుండవు. అది పీటగుండా దిగి, అడుగున చిన్న గుంటలో నిలుచును. ఆ సాగరపు అలుగు నీరే మూసీలో కలిసి, సూర్యాపేట ప్రాంతముమీదుగా వాడపల్లికడ కృష్ణను చేరును.

పెద్ద నౌకల సంగతి వేరు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి వెడలి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిన 'తారిణి' పొడవు సుమారు 17 మీటర్లే. దాని కొయ్య సుమారు 25 మీటర్లు. అందలి ఆరుగురు నావికాదళ మహిళలలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య తెలుగువారు. అంత కొయ్యను ఇరుప్రక్కల లోహపు త్రాళ్లు క్రిందికి లాగి బిగించును. గాలి పెరిగిన కొలదియు ఆ లాగుడంతయు కొయ్య మొదట పడును. నడి సముద్రమున ఆ మొదలు క్రుంగినచో త్రాళ్లు వదులగును, కొయ్య కూలును.

కొయ్య పైకప్పుమీదనే నిలిచిన పడవలలో దానిక్రింద గదిలో మరియొక స్తంభముండును. ఆత్మకూర్ (ఎస్) వంటి ఊళ్లలో పూరింటికి నిట్రాడెట్టిదో, ఇదియు అట్టిదే. నిట్రాడు మొదలు చెదలు తినినను పైకి ఇల్లు నిలిచినట్లే కనిపించును గదా! పాత ఫైబర్‌గ్లాసు పడవలోని మోసమును అదియే. గాజునార కుళ్లదు, రెండు గాజునార పొరల నడుమనున్న చెక్క కుళ్లును. మరల రంధ్రములనుండి చుక్కచుక్కగా దిగిన నీరే దానికి కారణము. పైకప్పు పల్లమగును, లోపలి తలుపు పట్టివేయును, త్రాళ్లు మాటిమాటికి వదులగును. తెలియనివాడు త్రాళ్లను మరింత బిగించి, కొయ్యను తానే లోనికి దింపుకొనును.

బాగుచేయువారు ముందు కొయ్యను ఊడదీయుదురు. లేనిచో జాకీలతో పైకప్పును యథాస్థానమునకు ఎత్తి నిలుపుదురు. పిదప గాజుపొరను కోసి, నల్లబడిన చెక్కనంతయు తొలగింతురు. గట్టి చెక్క కనబడువరకు ఆగరాదు. చెమ్మ మిగిలినచో జిగురంటదు. అది ఆరుటకు కొన్ని వారములైనను వేచియుండవలెను. ఓర్పులేనివాని పని ఇచ్చటనే చెడును. అటుపిమ్మట మెరైన్ ప్లైవుడ్డునో, పొరలుపొరలుగా పోసిన గాజుదిమ్మెనో ఎపాక్సీతో అమర్తురు. అతుకు అంచులను నిలువుగా వదలక, పొర మందమునకు పండ్రెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, దానిపై గాజుగుడ్డ పరతురు.

కడపట మరల రంధ్రములు. వానిని తగినదానికంటె పెద్దవిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన పిదప నడుమ మరల సన్నగా తొలుతురు. ఇక మరప్రక్కనుండి నీరు దిగినను చెక్కను తాకదు.