నరికిన చెరకు నిలవ ఉండరాదు



మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీరు పారిన పొలాల్లో చెరకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. 2015 డిసెంబరులో అది మూతపడిన తరువాత మన చెరకు దూరపు ఫ్యాక్టరీలకు పోవలసివచ్చింది. దూరం పెరిగితే పోయేది కిరాయి డబ్బు ఒక్కటేనా? కాదు.

నరికిన గడలో నీరు ఆరి తూకం తగ్గుతుంది. లోపలి చక్కెర విరిగి, పలుకు కట్టని తీపిగా మారుతుంది. కోసిన చోట సూక్ష్మజీవులు చేరి రసాన్ని జిగురు చేస్తాయి. ఎండ ముదిరితే ఈ నష్టం మరింత తొందరగా జరుగుతుంది. తోటకు నిప్పుపెట్టి నరికితే ఇంకా త్వరగా చెడుతుంది. కనుక నరికిన 24 గంటల్లోపల గానుగ ఆడేటట్లు చూసుకోవాలి.

మరి ఏం చేయాలి? ఫ్యాక్టరీ ఆర్డరు, బండి, కూలీలు మూడూ కుదిరిన తరువాతనే కత్తి పట్టండి. గడను నేలమట్టానికి నరకండి. మొదట్లోనే చక్కెర ఎక్కువ. ఆకు, మొవ్వు తీసివేయండి. చెత్తకు కిరాయి కట్టడం ఎందుకు? ఆ ఆకును కాల్చక చాళ్లలో పరిస్తే మోడెం పంటకు తేమ నిలుస్తుంది. బండి ఆలస్యమైతే గడలను నీడన కుప్పవేసి, ఆకు కప్పి, నీళ్లు చిలకరించండి.

ఇక వానల సంగతి. 2025 ఆగస్టు చివర కామారెడ్డి వైపు రోడ్లు, రైలు కట్టలు కోసుకుపోయాయి. బండ్ల బాటలు అంతకన్నా గట్టివేమీ కావు గదా! వానలు వెనుకబట్టగానే ఊరివాళ్లు కలిసి మోరీలు, బాటలు చూసుకొని, గండ్లు పూడ్చుకోవాలి. పొడి రోజుల్లో పల్లపు చేలు, రోడ్డుకు దూరపు చేలు ముందు నరకండి. రోడ్డు పక్క చేను తడి రోజులకు ఉంచండి. నేల మెత్తగా ఉంటే సగం బరువే ఎత్తండి. కాలువ గట్టుమీద నిండు ట్రాక్టరు నడపరాదు. గట్టు తెగితే దిగువ రైతుకు నీరు పోతుంది. రాత్రి పోయే బండికి వెనుక ఎర్ర దీపం తప్పదు.

గ్రామ విస్తరణాధికారులు ఊరివారీగా నరికే వరుస, బండ్ల లెక్క ముందే రాయించాలి. ఏడాది కష్టం ఒక్క రోజు ఆలస్యానికి ఆరిపోకూడదు, సోదరులారా!