'ఎక్సెసివ్' – ఎక్కువకు, మితిమీరుటకు నడుమ

ఆంగ్ల విశేషణాలలో కొన్ని వస్తువును వర్ణించి ఊరుకుంటాయి. మరికొన్ని వర్ణనతోపాటు తీర్పు కూడా చెబుతాయి. 'ఎక్సెసివ్' ఈ రెండవ కోవకు చెందినది. మన విద్యార్థులు పలువురు దీనిని 'వెరీ మచ్'కు కొంత గంభీరమైన పర్యాయపదంగా భావించి వాడుతుంటారు. బోధనపై తనకు 'ఎక్సెసివ్ ఇంటరెస్టు' కలదని ఉద్యోగపు దరఖాస్తులో వ్రాసిన అభ్యర్థి తన ఉత్సాహాన్ని చాటుకొన్నాననే అనుకొంటాడు. చదివే అధికారికి మాత్రం ఆ ఆసక్తి హద్దు మీరినదనీ, ఏదో ఇబ్బంది తెచ్చిపెట్టేదనీ తోస్తుంది.

ఈ పొరపాటుకు మూలం మన 'ఎక్కువ' అనే మాటలో ఉన్నది. 'ఈ యేడు వానలు ఎక్కువ', 'నిన్నటికంటె నేడు ఎండ ఎక్కువ', 'కూరలో ఉప్పు ఎక్కువ' – ఈ మూడు వాక్యాలలోనూ మాట ఒకటే. కాని మొదటిది ఆధిక్యాన్ని, రెండవది పోలికను, మూడవది తగిన పాలును మించుటను తెలుపుతున్నాయి. మూడవ అర్థంలో మాత్రమే 'ఎక్సెసివ్' చెల్లుతుంది. దీనిని పోల్చుకొనేందుకు మన ఇళ్ళలో నిత్యం వినిపించే 'మరీ' అనే చిన్న మాట చాలు. 'ఉప్పు మరీ ఎక్కువైంది' అన్నవారు లోపమెంచుతున్నారు. 'వానలు మరీ ఎక్కువ' అన్న రైతు మనస్సులో మునిగిన చేను ఉన్నది. వాక్యంలో 'మరీ' సహజంగా ఇమిడితేనే ఆంగ్లంలో 'ఎక్సెసివ్' వాడవలె.

లాటిన్ భాషలో 'ఎక్స్' అనగా వెలుపలికి, 'కేదెరె' అనగా నడచుట. 'ఎక్సీడ్', 'ప్రొసీడ్', 'సక్సీడ్' అన్నీ ఈ కుటుంబంలోనివే. (పన్నులు వసూలు చేసే ఎక్సైజుకు దీనితో చుట్టరికం లేదు, ఆ మాట డచ్చి భాష నుండి వచ్చినది.) ధరల విషయంలో తరచుగా వినిపించే 'ఎగ్జార్బిటెంట్' మరింత ముచ్చటైనది. లాటిన్‌లో 'ఆర్బిట' అనగా బండిచక్రపు గాడి. గాడి తప్పిన బండి వంటిదన్నమాట ఆ ధర! 'ఎక్స్‌ట్రావగెంట్' అనగా హద్దుల వెలుపల తిరుగాడునది. అన్నింటిలోనూ ముందొక గీత ఉన్నది, దానిని దాటిన అడుగు ఉన్నది. ఆ గీత ఏదో చూపలేనివాడు ఈ విశేషణాలను వాడకుండుట మేలు.

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు మరొక చిక్కు కలదు. 'బేహద్' అనగా హద్దు లేనిది. అయినా అది మెచ్చుకోలు మాట. 'బేహద్ మమ్‌నూన్' అనుట మర్యాద. దానిని 'ఎక్సెసివ్‌లీ గ్రేట్‌ఫుల్' అని మార్చితే మర్యాద వెక్కిరింతగా మారుతుంది. 'జ్యాదతీ' సంగతి వేరు. హెచ్చుదలను తెలిపే ఆ మాటకే అన్యాయం, దౌర్జన్యం అనే అర్థాలు కూడా ఉన్నవి. తెలుగులో 'అతి', 'ఆచారం' కలిసి 'అత్యాచారం' అయినట్లే, ఆంగ్లంలో 'ఎక్సెస్' బహువచనమై 'ఎక్సెసెస్' అయినపుడు అధికార దుర్వినియోగమే స్ఫురిస్తుంది. అత్యవసర పరిస్థితి నాటి చర్యలపై 1977లో ఏర్పడిన షా కమిషన్ విచారించినది ఈ 'ఎక్సెసెస్'నే. నేడు 'అత్యాచారం' అర్థం సంకోచించి స్త్రీలపై జరిగే నేరానికే పరిమితమైనది కనుక, ఆ ఆంగ్లపదాన్ని అనువదించేవారు వేరొక మాట వెదకుకోక తప్పదు.

ప్రయోగంలో ఇంకొక మాట. వేడిమి, వేగం, ఖర్చు, బలప్రయోగం వంటి వాటికే ఈ విశేషణం చేరుతుంది. 'ఎక్సెసివ్ బుక్స్' అనరాదు. 'టూ మెనీ బుక్స్' అనవలె. పరీక్షహాలులో అడిగి తీసుకొనే కాగితం 'ఎక్స్‌ట్రా' మాత్రమే, అవసరముండియే అడిగారు గదా!

ఈ పదానికి అసలు బరువు న్యాయశాస్త్రంలో తెలుస్తుంది. అక్రమ నిర్బంధాన్ని అరికట్టుటకు ఇంగ్లండులో 1679లో హెబియస్ కార్పస్ చట్టం వచ్చినది. చెల్లించలేనంత జామీను విధించి దానిని వమ్ముచేయుట కూడ జరిగినది. అందుకే 1689 నాటి హక్కుల చట్టం 'ఎక్సెసివ్' జామీను కోరరాదని శాసించినది. 1791లో అమెరికా రాజ్యాంగపు ఎనిమిదవ సవరణలోనూ ఇదే మాట చేరినది. మన 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 440వ సెక్షనులోనూ ఉన్నది; 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 484వ సెక్షనులోనూ నిలిచి ఉన్నది. బాండు మొత్తాన్ని కేసు పరిస్థితులను గమనించి నిర్ణయించవలెననీ, అది 'ఎక్సెసివ్' కారాదనీ దాని భావం.

ఇక్కడ గీత అంకెలో లేదు, మనిషి స్థితిగతులలో ఉన్నది. పదివేల రూపాయలు ఒక వర్తకునికి ఎక్కువ కావచ్చు, అంతే. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ తాపీపనివాడు. ఆయనను విడుదల చేయుటకు మేజిస్ట్రేటు కోరిన జామీను పదివేలు. పైగా సోదరుని ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదని ఆ పూచీని త్రోసిపుచ్చినారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ వ్యవహారాన్ని పరిశీలించి, వేయి రూపాయలకు మోతీరామ్ సొంత బాండు తీసుకొని విడిచిపెట్టవలెనని ఆదేశించినారు.