చక్కెర చెయ్యి పట్టే జెర్మేనియం

నీటిలో చక్కెర కరగడం అందరూ ఎరిగినదే. కరిగిన అణువును మళ్ళీ ఆ నీటిలోనే ఏరి పట్టుకోవడం మాత్రం సామాన్యమైన పని కాదు. గ్లాసుడు నీటిలో, అంటే 200 మిల్లీలీటర్లలో, 5 గ్రాముల గ్లూకోజు కలిపితే ఒక్కొక్క గ్లూకోజు అణువు చుట్టూ సుమారు 400 నీటి అణువులు ముసురుకుంటాయి. పైగా చక్కెరకు పట్టు దొరికేది హైడ్రాక్సిల్ సమూహాల వద్దనే: ఒక ఆక్సిజన్, దానినంటిన ఒక హైడ్రోజన్. నీటిదీ ఇంచుమించు అదే వేషం. తిరునాళ్ళలో అందరూ ఒకే రంగు చొక్కా తొడుక్కుని వస్తే తప్పిపోయిన పిల్లవాణ్ణి వెదకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఈ పనిని అవలీలగా చేసే పదార్థం ఒకటి ఉన్నది. దాని గుండెకాయ జెర్మేనియం. రష్యన్ శాస్త్రజ్ఞుడు మెండలీయెవ్ 1871లోనే ఈ మూలకం ఉండి తీరాలని లెక్కగట్టాడు. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో వింక్లర్ దానిని కనుగొన్నాడు. 1947లో మొదటి ట్రాన్సిస్టరు పుట్టింది దానితోనే. 1967లో జపానులో కజుహికో ఆసాయ్ బృందం జెర్మేనియానికి కార్బన్ గొలుసు తగిలించి ఒక తెల్లని పొడి తయారుచేసింది. జీఈ-132 అని దానికి పేరు.

పొడిగా ఉన్నప్పుడు జెర్మేనియం, ఆక్సిజన్ పరమాణువులు వలలా అల్లుకొని ఉంటాయి. నీటిలో పడగానే వల విడిపోతుంది. ఒక్కొక్క జెర్మేనియం మూడు హైడ్రాక్సిల్ సమూహాలతో త్రిశూలంలా నిలుస్తుంది. ఆ మూడింటిలో రెండు, చక్కెరలో పక్కపక్కనే, ఒకే వైపుకు తిరిగి ఉన్న రెండు హైడ్రాక్సిళ్ళతో కలిసి రెండు నీటి అణువులను వెళ్ళగొడతాయి. జెర్మేనియం, రెండు ఆక్సిజన్లు, రెండు కార్బన్లు కలిసి ఐదు పరమాణువుల ఉంగరం ఏర్పడుతుంది. నీటికి లేని సౌకర్యం ఇదే. నీటి అణువు ఒక్క చేత్తో పట్టుకుంటే చక్కెర రెండు చేతులతో పట్టుకుంటుంది. క్యారం బోర్డు మీద చల్లే బోరిక్ పొడికి కూడా ఈ గుణం ఉన్నది.

అయితే అన్ని చక్కెరలకూ ఈ భాగ్యం సమానం కాదు. నీటిలోని గ్లూకోజులో సుమారు 64 శాతం బీటా రూపంలో ఉంటుంది. అందులో పక్కపక్క హైడ్రాక్సిళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకే వైపు జత ఒక్కటీ లేదు! మిగిలిన 36 శాతంలో ఉన్నది ఒకే ఒక్క జత. పండ్లలోను, తేనెలోను ఉండే ఫ్రక్టోజుకు అటువంటి జతలు సిద్ధంగా ఉంటాయి. అందుచేత జెర్మేనియం ఫ్రక్టోజునే కోరి వరిస్తుంది.

ఈ పక్షపాతమే ప్రయోజనకారి అయింది. క్షారంతోగాని ఎంజైముతోగాని గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చవచ్చు. కాని ఇంచుమించు సగం మారేసరికి పని నిలిచిపోతుంది, మారినది వెనక్కి మారుతూ ఉంటుంది గనుక. జెర్మేనియం పదార్థం కలిపితే పుట్టిన ఫ్రక్టోజును అది తన వద్ద ఉంచుకుంటుంది. తోడేకొద్దీ ఊరే చెలమలా, మరింత గ్లూకోజు ఫ్రక్టోజుగా మారుతుంది. పాలలోని లాక్టోజును, మలబద్ధకానికి వైద్యులు ఇచ్చే లాక్టులోజుగా మార్చడంలోనూ జపాను పరిశోధకులు ఇదే ఉపాయం ప్రయోగించి సఫలులయ్యారు.

ఇంతవరకు బాగానే ఉన్నది. చిక్కల్లా జెర్మేనియాన్ని సర్వరోగ నివారిణిగా అమ్మినవారితో వచ్చింది. ఇది అడ్రినలిన్‌ను, శరీరానికి శక్తినిచ్చే ఏటీపీని కూడా ఇదే రీతిగా పట్టుకుంటుందని ప్రయోగాలలో తేలిన మాట నిజమే. పరీక్షనాళికలో చేతులు కలిసినంత మాత్రాన మంచంలోని రోగి లేచి కూర్చుంటాడా? జెర్మేనియం సరుకులను దీర్ఘకాలం సేవించి మూత్రపిండాలు చెడిన 31 మంది ఉదంతాలు 1997 నాటి ఒక సమీక్షలో నమోదయ్యాయి. వారిలో కొందరు మరణించారు. ముఖ్యమైన దోషి జెర్మేనియం డయాక్సైడు. అది ఆసాయ్ పొడి కాదు, వేరొక పదార్థం. కాని సీసా మీది పేరు చూసి కొనేవారికి ఆ భేదం ఎలా తెలుస్తుంది?

అందువల్ల కర్మాగారంలో కూడా, పాకం తయారయ్యాక జెర్మేనియాన్ని పూర్తిగా వేరుచేయక తప్పదు. ఆ బంధం శాశ్వతం కాకపోవడం, క్షణక్షణం విడిపోతూ కలుస్తూ ఉండడం, ఇక్కడ అక్కరకు వస్తుంది. జింకు శుద్ధిలోను, బొగ్గు బూడిదలోను కొద్దికొద్దిగా మాత్రమే లభించే మూలకం గనుక దానిని తిరిగి రాబట్టుకోవడం ఖర్చు దృష్ట్యా కూడా అవసరమే.