కామెర్లు కడిగితే పోతాయా?

ఇంటర్ సైన్సు చదివే ఒక కుర్రాణ్ణి తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది. కుర్రాడి కళ్ళు పచ్చగా ఉన్నాయి. అప్పటికే రెండుసార్లు కామెర్లు కడిగించారట. "వీడి చేతులమీద నీళ్ళు పోస్తుంటే పళ్ళెంలోకి పసుపుపచ్చగా దిగడం నా కళ్ళతో చూశాను డాక్టరుగారూ!" అన్నదావిడ.

ఆవిడ చూసింది అబద్ధం కాదు. "మరి మీ చేతులు కూడా కడిగించి చూశారా అమ్మా?" అన్నాను. ఇద్దరూ నావంక వింతగా చూశారు. కామెర్లు లేని మనిషికి కడిగించడం ఎందుకు?

కిటుకంతా అక్కడే ఉంది. ఒంట్లో పసుపే బయటికి వస్తోందని నమ్మాలంటే, జబ్బులేని మనిషి చేతుల నుంచి రాకూడదు కదా! మామిడి బెరడు రసం పట్టించిన చేతులమీద సున్నపుతేట పోస్తే ఎవరికైనా పచ్చగానే దిగుతుంది. అసలు చేతులు కూడా అక్కరలేదు. గాజుగ్లాసులో బెరడు రసం పోసి, దానిలో సున్నపుతేట కలిపి చూడండి. (కళ్ళలో పడకుండా జాగ్రత్త.) రోగి ఒంట్లోని పసుపు బిలిరుబిన్ అనే పదార్థం. అది లివరు ద్వారా పైత్యరసంలో కలిసి పేగుల్లోకి పోతుంది, కొంత మూత్రంలో పోతుంది. అరచేతుల్లోంచి కారదు.

"మా వీధిలో అయిదుగురికి తగ్గిందండీ" అన్నదావిడ. తగ్గే ఉంటుంది. కలుషితమైన నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కడిగించుకోకుండా తగ్గినవారెందరు? కడిగించుకున్నా తగ్గనివారెందరు? ఆ లెక్క ఏ వీధిలోనూ ఎవరూ రాసిపెట్టరు. ప్రాణం పోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు ఈ లెక్క కోసమే పూనుకున్నాడు. స్కర్వీ జబ్బుతో చిగుళ్ళు కుళ్ళుతున్న 12 మంది నావికులను జంటలుగా విడదీశాడు. అందరికీ ఒకే తిండి. మందు మాత్రం జంటకొకటి. ఒకరికి వెనిగర్, ఒకరికి సముద్రపు నీళ్ళు, ఇలాగ. నారింజలు, నిమ్మపళ్ళు తిన్న జంట త్వరగా కోలుకుంది. మిగతా జంటలు పక్కన లేకపోతే ఆ తేడా తెలిసేదే కాదు.

కడిగించుకుంటే చేతులకేమీ నష్టం లేదు. నష్టం ఆలస్యంలో ఉంది. కామెర్లు పిత్తాశయంలో రాళ్ళవల్ల రావచ్చు, హెపటైటిస్-బి వల్ల రావచ్చు. రోగి మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా, ఆగకుండా వాంతులవుతున్నా, ఎక్కడైనా రక్తం కారుతున్నా, గర్భిణికి కామెర్లు వచ్చినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పసర్లు మింగించవద్దు, కొన్ని లివరునే దెబ్బతీస్తాయి. జ్వరం మాత్రలు కూడా డాక్టరును అడగకుండా వెయ్యవద్దు. కాచి చల్లార్చిన నీళ్ళు, విశ్రాంతి, సహించినంత మామూలు భోజనం చాలు. ఉప్పు, నూనె మాన్పించి పిల్లవాణ్ణి నీరసింపజేయడం ఏం పథ్యమో నాకు అర్థం కాదు.

రక్తపరీక్షలో కుర్రాడిది హెపటైటిస్-ఎ అని తేలింది. మూడు వారాల తర్వాత తెల్లటి కళ్ళతో వచ్చాడు. "మీ మందు బాగా పనిచేసిందండీ!" అన్నది తల్లి.

"డాక్టరుగారు మందే ఇవ్వలేదు కదమ్మా!" అన్నాడు కుర్రాడు.