స్ప్రెడ్‌షీట్‌లో తేదీ: కనిపించే రూపం, నిలిచే విలువ

సాహిత్య, పత్రికా చరిత్రల పరిశోధనలో కాలక్రమ పట్టికలను స్ప్రెడ్‌షీట్‌లలో రూపొందించుకోవడం నేడు సర్వసాధారణం. అయితే ఈ పట్టికలలో తేదీ అక్షరాలుగా నిలవదు. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా గ్రహించి, తరువాతి ప్రతి దినానికీ ఒక వరుససంఖ్యను ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1 దాని లెక్కలో 20760. తెరమీద కనిపించేది ఆ సంఖ్యకు తొడిగిన రూపం మాత్రమే.

ఆ రూపాన్ని నిర్ణయించేవి ఫార్మాట్ కోడ్‌లు. 'డి' అనే ఆంగ్లాక్షరం ఒకటి రెండు సార్లు వస్తే దినసంఖ్య, నాలుగు సార్లు వస్తే వారం పేరు కనిపిస్తాయి. నాలుగు 'ఎమ్'లు నెల పేరును, నాలుగు 'వై'లు సంవత్సరాన్ని సూచిస్తాయి. వీటికి ముందు చదరపు కుండలీకరణాలలో డాలరు గుర్తు, అడ్డగీత, తెలుగుకు మైక్రోసాఫ్ట్ కేటాయించిన 44ఏ అనే కోడ్ చేర్చితే పేర్లు తెలుగులో వస్తాయి. అప్పుడు 20760 'గురువారం' అవుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ కోడ్ చూపే భాషను మాత్రమే మారుస్తుంది. టైపు చేసిన తేదీని ఎలా చదవాలో నిర్ణయించేది వేరొకటి: ఎక్సెల్‌కు విండోస్ ప్రాంతీయ అమరిక, గూగుల్ షీట్స్‌కు ఆ ఫైలు లొకేల్. అమెరికా అమరిక గల కంప్యూటరులో 1-11-1956 అని టైపు చేస్తే అది జనవరి 11గా, అంటే 20465గా నమోదవుతుంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన 1-10-1953 జనవరి 10కి, తెలంగాణ ఏర్పడిన 2-6-2014 ఫిబ్రవరి 6కి జరిగిపోతాయి. తెలుగుకు ప్రాచీన భాషా హోదా లభించిన 31-10-2008 మాత్రం, 31వ నెల లేనందున, తేదీగా మారక అక్షరాలుగానే గడి ఎడమ అంచున మిగులుతుంది. అనుమానం రేకెత్తించేది ఈ ఒక్కటే. విచిత్రమేమంటే చెడనిదీ ఇదే. చెడినవి చక్కని తెలుగు నెలల పేర్లతో నమ్మకంగా కనిపిస్తాయి. ఆ తరువాత అమరికను సరిదిద్దినా, నమోదైన సంఖ్య మారదు.

ఇందుకు వారం పేరే మంచి పరీక్ష. పాత పత్రికల సంచికలపై తేదీతోపాటు వారం కూడా తరచు ముద్రితమై ఉంటుంది. పైన చెప్పిన 20465కు 'బుధవారం' వస్తుంది. ఆనాటి సంచికపై గురువారం ఉంటే పొరపాటు బయటపడుతుంది.

పందొమ్మిదో శతాబ్దికి ఈ పరీక్ష ఎక్సెల్‌లో పనికిరాదు. గురజాడ జన్మదినమైన 21-9-1862ను ఏ అమరికలోనూ అది తేదీగా స్వీకరించదు. లిబ్రెఆఫీస్ కాల్క్ స్వీకరిస్తుంది. రెండు శతాబ్దాలకు విస్తరించిన పట్టికలో సంవత్సరం, నెల, దినం మూడు వేర్వేరు నిలువు వరుసలలో సంఖ్యలుగా నమోదు చేయడమే క్షేమకరం.