మీ పిల్లలు మెటల్ డిటెక్టర్ కొనివ్వమని అడిగితే...



ఈ మధ్య మీ అబ్బాయో అమ్మాయో మెటల్ డిటెక్టర్ కావాలని అడిగారా? క్లాసులో కూడా ఈ మాట తరచుగా వినిపిస్తోంది. అమెరికాలో కొందరు స్నేహితులు కలిసి అడవిలోకి వెళ్లడం, 1700ల నాటి వలస కుటుంబాల పాడుబడ్డ ఇళ్ల దగ్గర నేలలో పాత గుండీలు, నాణేలు వెతకడం పిల్లలు వీడియోల్లో చూస్తున్నారు. బల్మూర్ పిల్లలకు అడవి దూరమేమీ కాదు. నల్లమలలోని ప్రతాపరుద్రుని కోట, నిజాం కాలపు ఫరహాబాద్ విడిది వాళ్లు విన్న పేర్లే. "మనమూ వెళ్దాం" అనిపించడం సహజం. వద్దని కసరడం కన్నా, ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయవచ్చో చెబితే పిల్లలు వింటారు.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

డిటెక్టర్ కింది భాగంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో దిశ మారుతూ ప్రవహించే విద్యుత్ వల్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. నేలలో లోహం ఉంటే దానిలోనూ చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, అవి మరో బలహీనమైన క్షేత్రాన్ని తయారుచేస్తాయి. యంత్రం దాన్ని గుర్తించి "బీప్" అంటుంది. మన పదో తరగతి పిల్లలు చదివే విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ శరీరంలో దిగిన బుల్లెట్‌ను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరాన్నే వాడి చూశారు. అప్పుడు ఫలితం రాలేదు కానీ ఆలోచన నిలిచింది.

ఈ యంత్రం లోహం ఉందని మాత్రమే చెబుతుంది. ఆ లోహం ఎవరిదో, ఎప్పటిదో చెప్పలేదు. వెతికేవాళ్లకు ఎక్కువగా దొరికేవి మేకులు, సీసా మూతలు. వీడియోలో అవి కత్తిరించేస్తారు.

అక్కడి పద్ధతి, ఇక్కడి చట్టం

ఆ దేశాల్లో కూడా ఎక్కడపడితే అక్కడ తవ్వనివ్వరు. ఇంగ్లండ్‌లో భూమి యజమాని అనుమతి తప్పనిసరి. దొరికిన పాత వస్తువులను నమోదు చేయించుకునే పథకం అక్కడ 1997 నుంచి నడుస్తోంది. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భూముల్లో అనుమతి లేకుండా పురావస్తువులు తవ్వితే 1979 చట్టం ప్రకారం నేరం.

మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న 10 రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకుండా దాచుకుంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2021లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి ఆభరణాలున్న పాత్ర బయటపడింది. అది అధికారుల చేతికే వెళ్లింది. ఇక మన పక్కనున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం. తవ్వడం గురించి చెప్పనక్కర్లేదు.

వస్తువు కన్నా చోటు విలువైనది

పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి కోటిలింగాల మంచి ఉదాహరణ. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో దొరికిన పాత నాణేలను సంగనభట్ల నరహరి శర్మ అనే స్థానికుడు సేకరించి, చరిత్రకారుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రికి చూపించారు. వాటిలో శాతవాహన తొలి రాజు సిముకుడి నాణేలున్నాయి. అంతకు ముందు పాలించిన గోబద, సమగోప వంటి రాజుల నాణేలూ ఉన్నాయి. శాతవాహనుల తొలి రోజుల చరిత్రలో తెలంగాణకు చోటు దక్కడంలో వీటి పాత్ర పెద్దది. అవే నాణేలు ఎక్కడ దొరికాయో తెలియకుండా ఏ పట్నంలోనో అమ్ముడుపోయి ఉంటే, పాత లోహపు ముక్కలుగానే మిగిలేవి.

గుప్త నిధుల మాట వినిపిస్తే జాగ్రత్త

మన ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది. "ఫలానా గుట్టలో నిధి ఉంది, పూజ చేస్తే బయటపడుతుంది" అని నమ్మించేవాళ్లు మెటల్ డిటెక్టర్‌ను కూడా సాక్ష్యంగా చూపిస్తారు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. గుప్త నిధులు తీసిస్తానని నమ్మించి అతను 11 మందిని చంపాడని వాళ్లు ప్రకటించారు. పిల్లల సరదా ఇలాంటివారి కంట పడకూడదు. నిధి మాట ఎవరైనా ఎత్తితే వెంటనే ఇంట్లో చెప్పాలని మీ పిల్లలకు నేర్పండి.

ఇంట్లో చేయదగినవి

1. పెరటి తవ్వకం: మీ సొంత పెరట్లో రెండు మీటర్ల చదరాన్ని తాడుతో నాలుగు గడులు చేయండి. నాణేలు, పెంకు ముక్కలు వేర్వేరు లోతుల్లో పాతిపెట్టండి. ఏ గడిలో, ఎంత లోతులో, ఏది దొరికిందో పిల్లలు నోట్‌బుక్‌లో రాయాలి. కింది పొర సాధారణంగా పాతదని వాళ్లకే తెలుస్తుంది.

2. తీగ ప్రయోగం: పూత ఉన్న రాగి తీగను గుండ్రంగా చుట్టి, కొసల పూత గీకి, ఒక టార్చి సెల్‌కు క్షణం సేపు తాకించండి. పక్కన పెట్టిన దిక్సూచి సూది కదులుతుంది. తీగ వేడెక్కుతుంది కాబట్టి వెంటనే తీసేయాలి.

3. అమ్మమ్మ పెట్టె: చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు హాలీ సిక్కా నాణెం ఇంట్లో ఉందేమో చూడండి. దాని మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. 1340 అంటే 1921-22 అన్నమాట. అది మీ ఇంటికి ఎలా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి రాయమనండి.

4. ఒక ఆదివారం: మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి మ్యూజియానికో, అలంపురం మ్యూజియానికో తీసుకెళ్లండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కాపాడడానికి కూడవెల్లి నుంచి తరలించి కట్టిన సంగమేశ్వరాలయం కూడా అలంపురంలోనే ఉంది.

దారిలో పాత విగ్రహమో, రాతి శాసనమో కనిపిస్తే కదపకుండా ఫోటో తీసి, చోటు రాసుకుని, గ్రామ పంచాయతీకి గానీ తహసీల్దార్ కార్యాలయానికి గానీ తెలియజేయండి. పిల్లలు మీ వెంట ఉంటే ఆ ఫోటో వాళ్లచేతే తీయించండి.