సగం మాత్రతో సరిపెట్టుకోవద్దు



జనగామ దగ్గరి ఒక పల్లెలో మా సంఘమునకు చెందిన ఒక పెద్దమ్మను చూడడానికి మేము వెళ్లాము. గూట్లో ఒక చిన్న డబ్బా ఉన్నది. దాని నిండా సగానికి విరిచిన బీపీ మాత్రలే! ఇదేమిటని అడిగితే, "ఏం చెయ్యాలె బిడ్డా? మొత్తం మింగితే నెలకే అయిపోతయి. సగం సగం ఏస్కుంటే రెండు నెలలు ఎల్లుతయి" అన్నది.

ఆమెకు లెక్క తెలుసు. కాని సగం మాత్రతో బీపీ అదుపులో ఉండదనీ, అది పక్షవాతానికి దారి తీయవచ్చుననీ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. పాత వరంగల్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్‌కు 2022లో, మిగిలిన రెంటికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇవన్నీ సంతోషించవలసిన సంగతులే.

అయితే ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆస్పత్రిలో చేరినవారి చికిత్సకు ఉద్దేశించినది. ఇంట్లో రోజూ మింగే మాత్రను మందుల షాపులో కొంటే ఆ ఖర్చు మన జేబుదే. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగికి కంపెనీ ఆస్పత్రి ఉన్నది. పక్క వీధిలోని కూలి మనిషికి ఆ ఆసరా లేదు. దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో కుటుంబాలు సొంతంగా భరించేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గినా, నూటికి దాదాపు నలభై రూపాయలు ఇంకా ఇంటి నుండే పోతున్నాయి.

మరి మార్గమేమిటి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. బయట కొనవలసి వస్తే, 2008లో ప్రారంభమైన జన్ ఔషధి కేంద్రాల్లో అవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. కంపెనీ పెట్టిన పేరు వేరైనా, మందు అసలు పేరు అట్ట మీద ఉంటుంది. ఆ పేరు, మోతాదు డాక్టరు చీటీతో సరిపోయాయో లేదో చూసుకోండి. "ఇదే మందు తక్కువ ధరలో ఉన్నదా?" అని డాక్టరు గారిని అడగడం తప్పు కాదు.

ఖర్చు ఎంత ముఖ్యమో జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. మహబూబాబాద్ తండాల్లోనైనా, పట్టణాల్లోనైనా జ్వరం రాగానే సూది వేయించుకోవడం, చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనడం మనకు అలవాటైపోయింది. వైరస్ వల్ల వచ్చే జలుబుకు యాంటీబయాటిక్ పని చేయదు. అనవసరంగా వాడితే సూక్ష్మక్రిములు మందుకు లొంగకుండా పోతాయి. అందుకే 2014 మార్చి నుండి కొన్ని యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను అమ్మే షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలనే నియమం అమలులోకి వచ్చింది. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే, డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని గుర్తు.

క్షయ మందులను ఒళ్లు తేలికపడగానే మానేయవద్దు. మోకాళ్ల నొప్పులకు నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. మందు పడక దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. మందుల దుష్ఫలితాలను తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉన్నది.

తరువాతి వారం మేము ఆ పెద్దమ్మను ఆశా కార్యకర్తతో కలిసి ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాము. నెల మాత్రలు చేతికి వచ్చాక, ఆమె వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నది. "ఇగ ఇరువనక్కర లేదు" అని నవ్వింది.

ఈ వారం మీ ఇంట్లో పెద్దల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. అందులో విరిచిన మాత్రలుంటే వారిని మందలించకండి. ఎందుకు విరిచారో పక్కన కూర్చుని అడగండి.